ఫోన్‌లో కౌన్సెలింగ్ కొనసాగుతుంది, కొన్ని మార్పులతో

2021 జూన్ 11 నుంచి కోవిడ్ కర్ఫ్యూ సడలింపు మధ్యాహ్నం 2 దాకా ఇచ్చారు కాబట్టి గుంటూరులో మా కౌన్సెలింగ్ సెంటర్ ఉదయం పూట తెరిచాం. ఇక వీడియో కాల్స్ ఆపేస్తారా అని చాలామంది అడిగారు. ఆపం. వీధిలో ఎవరేమనుకుంటారోనని మా మెట్లెక్కని మగవాళ్లు ఫోన్‌లోకైతే వచ్చారు. కోవిడ్ రెండో వేవ్‌లో తండ్రి పోయిన ఇంట్లో తల్లి నరసరావుపేటలో, కొడుకు ఇక్కడ, కూతురు డల్లాస్‌లో. ముగ్గురూ ఒకే కాల్‌లో కూర్చుని ఏడ్చారు. మా గదిలో ఇది జరిగే పని కాదు.

చిక్కల్లా ఇళ్లతోనే. రెండు గదుల ఇంట్లో కోడలు మాట్లాడుతుంటే పక్కనే అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తుంటారు. ఇక మాకు వినపడేది 'బాగానే ఉన్నానండీ' ఒక్కటే. కొందరు డాబా మీదికి, కొందరు ఆపి ఉంచిన కారులోకి వెళ్తున్నారు. అందుకని కుటుంబమంతా కలిసి మాట్లాడే కాల్‌లోనూ మొదటి పది నిమిషాలు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఎవరైనా గదిలోకి వస్తే చెప్పడానికి ఒక మాట ముందే అనుకుంటాం. అదేంటో ఇక్కడ రాయను, ఇది అత్తగార్లూ చదువుతారు! భర్తలకో మనవి: ఆవిడ వంతు వచ్చినప్పుడు అలా వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చుకోండి.

పేరు మార్చి చెబుతున్నారు కొందరు. భయం అర్థమైంది గానీ, 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో చేసే వైద్యం) మార్గదర్శకాల ప్రకారం పేషెంట్ ఎవరో తెలియకుండా డాక్టర్ గారు చూడకూడదు. పిల్లలయితే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఉండమంటే జవాబులు కూడా మీరే చెప్పమని కాదు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరక, నిలకడ లేకుండా ఉండే సమస్య) వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి షెడ్యూల్ ఎక్స్ మందులు, అంటే చట్టం గట్టి ఆంక్షలు పెట్టిన మందులు, కాల్‌లో రాయరు, ఎంత బతిమాలినా. దానికి నేరుగా రావాల్సిందే.

'ఫోనే కదా, ఫీజు తగ్గించండి' అంటున్నారు. సమయం అంతే పడుతోంది, సెంటర్ అద్దె ఆగలేదు. అందరికీ తగ్గించలేను. పని పోయిన ఇళ్లవాళ్లు మొహమాటపడకుండా చెప్పండి, సర్దుకుందాం. నెట్ పోతే మిగతా సమయం మామూలు ఫోన్‌లో మాట్లాడతాం, దానికి అదనంగా తీసుకోం.

ప్రాణం మీదికి వచ్చే పరిస్థితైతే మా కాల్ కోసం ఆగకండి, 108కి చేయండి.

 ఏ గదిలో కూర్చుని మాట్లాడతారో, ఆ సమయానికి ఇంట్లో ఎవరెవరుంటారో అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే చెప్పండి.