నీళ్ళు ఇంకే నేల కోసం ఈ ఏడాది మనం చేసిన పని: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది, మన బోర్లలోకి వచ్చే నీళ్ళు అసలు ఎక్కడ పడి ఎక్కడ ఇంకి ఇక్కడిదాకా వస్తున్నాయి అని. బోరు చుట్టూ ఎంత శుభ్రంగా ఉంచుకున్నా, ఎగువన నీళ్ళు ఇంకే చోట ఏ డీజిల్ ట్యాంకో చెత్త డంపో పెడితే ఇక్కడ మనం చేసేదేం ఉండదు, అందుకే ముందు నీళ్ళు ఎక్కడ ఇంకుతున్నాయో చూపించే మ్యాప్ పని పెట్టుకున్నాం. మనవాళ్ళు కొందరు బోర్ల లోతు, నీటి మట్టం రాసుకొచ్చారు, వానలో తడుస్తూ నీళ్ళు ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూసొచ్చారు, వాళ్ళందరికీ నిజంగా థ్యాంక్స్. పైన వాలు ఎటుంటే కింద నీళ్ళూ అటే పోతాయని లేదు, రాతి పగుళ్ళని బట్టి దారి మారిపోద్ది, కాబట్టి భూగర్భ జలాలు తెలిసినవాళ్ళకి చూపించి దిద్దించాకే ప్లానింగ్ ఆఫీసులో ఇచ్చాం.

ఇంకుడు పరీక్ష చూసినవాళ్ళు మర్చిపోలేరు. రెండు వైపులా తెరిచున్న ఇనప రింగు నేలలోకి కొంచెం దిగ్గొట్టి నీళ్ళు పోసి స్కేలు పెట్టి చూడ్డమే. గడ్డి నేలలో రీడింగ్ రాసుకునేలోపే మట్టం దిగిపోయింది, పక్కనే లారీలు తిరిగి గట్టిపడిన చోట నీళ్ళు అద్దంలా అలాగే నిలబడ్డాయి. రెండూ ఒకే మట్టి! 1000 చదరపు మీటర్లు కాంక్రీట్ వేస్తే, 20 మిల్లీమీటర్ల వానకి 20,000 లీటర్లు దాని మీద పడతాయి, అన్నీ ఇంకేవి కాకపోయినా ఆ నేలకున్న అవకాశం మాత్రం పూర్తిగా పోయినట్టే.

లేఅవుట్ ప్లాన్ మీద మనం ఇచ్చిన అభ్యంతరాల్లో బోర్ల చుట్టూ రక్షణ జోన్లు, అంటే ఎంత దూరంలో ఏమేం ఉండకూడదో చెప్పే హద్దులు, అడిగాం. ఉదాహరణకి జర్మనీలో తాగునీటి బావి చుట్టూ కనీసం 10 మీటర్లు ఏమీ ఉండకూడదు, దాని బయట నీళ్ళు బావిని చేరడానికి 50 రోజులు పట్టే హద్దు వరకు రెండో జోన్, ఆ తర్వాత మిగతా పరీవాహక ప్రాంతమంతా మూడోది. 50 రోజులు ఎందుకంటే రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు చాలావరకు ఆ లోపు చచ్చిపోతాయని. కానీ నైట్రేట్, పెట్రోల్ అలా చావవు కదా, అందుకే మూడో జోన్‌ని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా రాశాం. లేఅవుట్ వాళ్ళు పార్కింగ్‌లో కొంత భాగం నీళ్ళు ఇంకేలా మారుస్తామన్నారు, ఇంధన ట్యాంకు స్థలం మార్చే విషయం మాత్రం ఇంకా తేల్లేదు. వదిలిపెట్టం.

పాత బోర్ల సంగతి బాధ కలిగించింది. ఒక చోట కేసింగ్ పైపు, అంటే బోరు గోడ కూలకుండా దింపే పైపు, నేలకి సమానంగా కోసేసి ఉంది, మూత లేదు, వానకి రోడ్డు మీది నూనె జిడ్డుతో సహా నీళ్ళు సుడి తిరుగుతూ అందులోకి దిగుతున్నాయి. మట్టి పొరల్లో వడగట్టుకుంటూ మెల్లగా వెళ్ళాల్సిన నీళ్ళు నేరుగా అడుక్కి పోతున్నాయన్నమాట. అప్పటికి మూత బిగించాం, అది చాలదు, లోపల సిమెంట్ గ్రౌటో బెంటొనైట్ బంకమట్టో నింపి శాశ్వతంగా మూసేయాలి. కొత్త ఏడాదిలో మొదటి పని అదే.

మీ స్థలంలో వాడని బోరు ఉంటే వానలు మొదలయ్యేలోపే కమిటీకి చెప్పండి, చూడ్డానికి మేమే వస్తాం.