పాస్ ఉంది, బస్సే ఆగడం లేదు

సంపాదకులకు,

అయ్యా,

మాది నల్లగొండ జిల్లాలో ఒక మారుమూల మండలం. ముప్పై రెండేళ్లు సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. పొద్దున్నే బస్సు స్టేజీ దగ్గరి హోటల్లో టీ తాగే అలవాటు వల్ల, చుట్టుపక్కల తండాల పిల్లలు బడికి చేరడానికి పడే అవస్థ రోజూ నా కళ్ల ముందే జరుగుతోంది. దానిని మీ పత్రిక ద్వారా విద్యాశాఖ, ఆర్టీసీ అధికారుల దృష్టికి తీసుకురాదలచాను.

ఉదయం ఏడున్నర దాటగానే పట్టణంలోని ఒక ప్రైవేటు బడి బస్సు ఊళ్లోకి వచ్చి, బొడ్రాయి దగ్గర హారన్ కొట్టి, ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలను ఎక్కించుకొని వెళ్తుంది. దాదాపు అదే వేళకు తండా పిల్లలు ఇళ్ల నుంచి బయలుదేరి, రెండున్నర కిలోమీటర్లు నడిచి స్టేజీకి వస్తారు. ఉన్నత పాఠశాల ఉన్న మండల కేంద్రం అక్కడి నుంచి ఇంకో ఆరు కిలోమీటర్లు. 8.50కి రావలసిన పల్లె వెలుగు బస్సు వెనకటి ఊళ్లలోనే నిండిపోయి వస్తుంది కనుక, చాలా రోజులు స్టేజీలో వేగమైనా తగ్గించదు. వెనక ఇంకో బండి ఉందన్నట్లు డ్రైవరు చెయ్యి ఊపుతాడు. ఆ వెనక బండి వచ్చేది పదింటికి.

పాస్‌లు లేవా అంటే, ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. మగపిల్లలకు విద్యార్థి పాస్‌లు అంతకు ముందు నుంచే ఉన్నాయి. మహిళలకు ఉచిత ప్రయాణాన్ని నేను తప్పుపట్టడం లేదు. కూలికి, ఆసుపత్రికి, బజారుకు వెళ్లే ఆడవాళ్లకు అది ఎంత ఆసరా అయిందో చూస్తూనే ఉన్నాను. అయితే ఎక్కేవాళ్లు పెరిగినంతగా మా రూటులో ట్రిప్పులు పెరగలేదు, ఆ ఇరుకులో మొదట దిగిపోయింది పుస్తకాల సంచి మోసే పిల్లలే. దీనికి తోడు 2024 జూలైలో, జంట నగరాలు మినహా మిగతా చోట్ల, ఉన్నత పాఠశాలల వేళను 9.30 నుంచి 9 గంటలకు మార్చారు. 8.50 బస్సు పాత వేళకు సరిగ్గా సరిపోయేది. బడి గంటను అరగంట ముందుకు జరిపిన ప్రభుత్వం బస్సును జరపడం మరిచింది. కాబట్టి ఆ బస్సు ఆగి, ఎక్కించుకొని, సమయానికి నడిచిన రోజున కూడా పిల్లలు వెళ్లేసరికి ప్రార్థన అయిపోతుంది. ఒప్పుకోవాలి, ప్రధానోపాధ్యాయుడిగా (హెచ్ఎం) ఉన్న రోజుల్లో నేనూ ఆలస్యంగా వచ్చిన పిల్లలను గేటు బయట నిలబెట్టినవాణ్నే. వాళ్లు ఎక్కడి నుంచి, ఎలా వస్తున్నారో ఈ స్టేజీ దగ్గర కూర్చున్నాకే తెలిసింది.

మిగిలింది ఆటో. మనిషికి పది రూపాయలు. ఏడుగురు పట్టే బండిలో పద్నాలుగు మందిని నేనే లెక్కపెట్టాను. ఇద్దరు డ్రైవరుకు చెరో పక్కన, ముగ్గురు వెనక డిక్కీ మీద కాళ్లు వేలాడేసుకొని, సంచులన్నీ పక్క కడ్డీలకు తగిలించి. ఇదీ ఏడాది పొడవునా దొరకదు. పత్తి ఏరే రోజులు మొదలైతే ఆటోలన్నీ తెల్లవారకముందే కూలీల ముఠాలకు మాట్లాడుకొని ఉంటాయి. పిల్లల దగ్గర వచ్చే పది రూపాయల కంటే ఆ కిరాయి ఎక్కువ కనుక డ్రైవర్లను అనడానికీ లేదు. నేను పనిచేసిన రోజుల్లో దసరా సెలవుల తరువాత హాజరు పడిపోతే పిల్లలు పత్తి చేలకు పోతున్నారని అనుకునేవాళ్లం. అది నిజమే కానీ, చేనుకు పోని పిల్లలు సైతం బండి లేక ఇంట్లో ఉండిపోయేవారన్న సంగతి మా రిజిస్టర్లలో ఎక్కడా కనిపించేది కాదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని, అలా లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా వంటి ఏర్పాటు చేయాలని దాని నిబంధనలు చెబుతున్నాయి. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద ఒక్కో విద్యార్థికి ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చు. 2021లో దీనిని ఉన్నత పాఠశాల స్థాయికి కూడా విస్తరించారు. కాగితం మీద లోటేమీ లేదు. కానీ దూరాన్ని ఏ దారిన కొలుస్తారు? మా పక్క తండా నుంచి ప్రాథమికోన్నత పాఠశాలకు చేల గట్ల మీదుగా వెళ్తే మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ, తారు రోడ్డు మీద వెళ్తే ఐదు. గట్ల దారిలో వాగు ఉంది, వానకాలంలో ఆ దారిన పెద్దవాళ్లే వెళ్లరు. అయినా జాబితా రాసినవారు గట్ల దారినే లెక్కలోకి తీసుకున్నారు, భత్యం రాలేదు. వచ్చినవారి సంగతీ చూద్దాం. ఒక తల్లి నాతో చెప్పిన ప్రకారం, జూన్ నుంచి ఆటోకు అప్పు చేసి కట్టిన డబ్బు ఖాతాలో పడేసరికి వార్షిక పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆటో డ్రైవరు ఏ రోజు డబ్బు ఆ రోజే అడుగుతాడు కదా.

అందువల్ల నా అభిప్రాయంలో ఇవ్వవలసింది భత్యం కాదు, బండి. ఒక తండా నుంచి ముప్పై మంది అర్హులుంటే ఏడాదికి 1,80,000 రూపాయలు అవుతుంది, అంటే పది నెలల పాటు నెలకు 18,000. ఈ మొత్తాన్ని ముప్పై ఖాతాలకు విడివిడిగా పంచే బదులు ఒకచోట చేర్చి, తక్కువ పడింది ప్రభుత్వం కలిపి, ఫిట్‌నెస్ ఉన్న వాహనాన్ని నెల జీతం మీద కుదిర్చి, పిల్లల వెంట ఉండడానికి మహిళా సంఘం నుంచి ఒక ఆయాను పెట్టవచ్చు. కేరళలోని వయనాడ్‌లో గిరిజన ఆవాసాల పిల్లలను ‘గోత్ర సారథి’ పేరుతో జీపుల్లో బడికి చేర్చారు. కొండదారుల్లో సాధ్యమైనది మా చదును నేల మీద సాధ్యం కాదనడానికి నాకు కారణం కనిపించదు. రోడ్డు బాగున్న చోట వేరే వాహనం కూడా అక్కర్లేదు. జూన్ 12న బడులు తెరవడానికి ముందు, మే నెలలోనే డిపో మేనేజరు, మండల విద్యాధికారి (ఎంఈఓ), హెచ్ఎంలు ఒకచోట కూర్చొని, బడి గంటకు తగినట్లు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి విద్యార్థుల ట్రిప్పులు ఖరారు చేస్తే సగం సమస్య తీరుతుంది.

సాయంత్రపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పదో తరగతి వాళ్లకు ప్రత్యేక తరగతులు ముగిసేసరికి చలికాలంలో పొద్దు గూకుతుంది. స్టేజీలో దిగిన ఆడపిల్లలు రెండున్నర కిలోమీటర్లు చీకట్లో నడవాలి. బైకు ఉన్న తండ్రి ఎదురు వస్తాడు. లేని ఇంట్లో పిల్లను ప్రత్యేక తరగతులు మానిపిస్తారు, లేదా బడే మానిపిస్తారు. గురుకులంలో వేయవచ్చు కదా అని సలహా ఇచ్చేవారున్నారు. సీట్లు ఎన్ని, దరఖాస్తులు ఎన్ని అన్నది అలా ఉంచినా, తల్లిదండ్రుల దగ్గర ఉండి చదువుకోవాలనుకునే పిల్లకు బస్సు లేదన్న కారణంతో హాస్టల్ చూపించడం న్యాయం కాదు.

సంబంధిత అధికారులను ఒక్కటే కోరుతున్నాను. ఏదైనా ఒక సోమవారం, ముందుగా ఎవరికీ చెప్పకుండా, ఉదయం ఎనిమిది నుంచి పది వరకు ఇలాంటి ఏదో ఒక స్టేజీలో పిల్లలతో పాటు నిలబడి చూడండి. మా స్టేజీకే వస్తే టీ నేనే ఇప్పిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా