కుప్పం రాయి పోతోంది, దుమ్ము మిగులుతోంది

చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

అయ్యా, కుప్పం గ్రీన్ గ్రానైట్ పేరు మీకు తెలిసిందే. లారీకి ఒకే దిమ్మె, గొలుసులతో బిగించి, తెల్లారకముందే మా వాకిలి ముందునుంచి పోతుంది. ముగ్గేస్తే పదింటికల్లా ముగ్గేదో దుమ్మేదో తెలీదు. పాలమ్మి బతికే ఊరు మాది. పశువుల గడ్డి మీదా అదే పొడి.

పక్కనే కోలార్ బంగారు గనులు. వందేళ్లకు పైగా తవ్వి 2001లో మూసేశారు. సైనైడ్ దిబ్బలు అక్కడే ఉన్నాయి. జనమే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. (మా కుప్పం వాళ్లదీ అదే రైలు లెండి.)

2015 గనుల చట్టసవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి, అంటే గనుల వాళ్లు కట్టే సొమ్ము, తవ్వకాల దెబ్బ తగిలిన ఊళ్ల కోసమే కదా. మా మండలం నుంచి ఎంత జమైందో, ఏ ఊళ్లో ఎంత ఖర్చయిందో పంచాయతీ గోడ మీద రాయించండి. నీళ్ల ట్యాంకు సంగతి తర్వాత అడుగుతాం.

ఇట్లు,
కుప్పం దగ్గరి ఒక పాడిరైతు