పాత కార్ల బ్రేకు పైపులకు అతుకులొద్దు

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హన్మకొండ షెడ్లలో పాత స్పోర్ట్స్ కార్లకు రంగు, సీట్లు కొత్తవి వేస్తున్నారు. తుప్పు పట్టిన బ్రేకు పైపును మాత్రం కొందరు కోసి, ఏసీ రాగి పైపు ముక్కతో అతికిస్తున్నారు. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ఉత్త రాగి కుదుపులకు గట్టిపడి పగులుతుంది. 4.76 మిల్లీమీటర్ల రాగి-నికెల్ పైపును అతుకు లేకుండా వేయాలి. ముందు నట్టు ఎక్కించి, కోసిన అంచు గరుకు తీసి, డబుల్ ఫ్లేర్ కొట్టాలి, అంటే పైపు అంచును వెడల్పు చేసి, లోపలికి మడిచి రెండు పొరలుగా చేయాలి. ఒకే పొర ఉండే సింగిల్ ఫ్లేర్ ఒత్తిడికి చీలుతుంది. చక్రాల దగ్గరి రబ్బరు హోసులూ మార్చాల్సిందే. అవి లోపల ఉబ్బితే పెడల్ వదిలినా బ్రేకు వదలదు. బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీశాక ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, మరొకరు ప్రతి నట్టునూ పొడి గుడ్డతో తుడిచి చెమ్మ చూడాలి. 1960ల కార్లలో చాలావాటికి ఒకటే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకూ బ్రేకు ద్రవం వెళ్లే దారి ఒక్కటే. ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తనిఖీలో కారును పైకి లేపి పైపులు చూడాలని రవాణా శాఖను కోరుతున్నాం.

– బ్రేకు మెకానిక్‌లు, హన్మకొండ