ముఖచిత్రం గురించి నాలుగు మాటలు

చిన్నారికి,

అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలు ఇప్పుడు ఫరవాలేదు. నిన్న నీలం పెట్టె సర్దుతుంటే, నేను వారపత్రికలో పేజీలు పెట్టే రోజుల నాటి స్టీలు స్కేలు దొరికింది. ఒక అంచున సెంటీమీటర్లు, రెండో అంచున పైకాలు, అంటే అచ్చు పనిలో వాడే కొలత. దాన్ని చూడగానే నీ మ్యూజిక్ మ్యాగజైన్ ప్రాజెక్టు గుర్తొచ్చి, నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. అంతకుమించి విశేషమేం లేదు.

నీ గొంతు విని మాత్రం పద్దెనిమిది రోజులైంది. నేను ఇంత పొడుగు మెసేజ్ పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ పెడుతున్నావు. పని ఎక్కువగా ఉంటుందని తెలుసులే. మొన్న బుజ్జి ఫోన్ చేసినప్పుడు మాటల మధ్యలో ఏదో అంది. దాని సంగతి తర్వాత.

ముందు పత్రిక పేరు. పోయినసారి మూడు చెప్పావు, ఏది ఖాయం చేశారు? సంగీత పత్రిక పేరు చెవికి కూడా వినపడాలమ్మా. 1981లో మొదలైన బ్రిటిష్ రాక్ సంగీత పత్రిక 'కెరాంగ్' చూడు. ఎలక్ట్రిక్ గిటార్ తీగల్ని గట్టిగా మీటితే వచ్చే మోతనే పేరుగా పెట్టుకున్నారు. ఆ పేరు రాసిన అక్షరాలు కూడా పగిలిన గాజులా ఉంటాయి. లోపల ఏ రకం సంగీతం ఉందో పేజీ తిప్పకుండానే తెలిసిపోతుంది. మీది మెత్తటి పాటలు వినేవాళ్ల కోసమైతే ఆ పగుళ్లు పనికిరావు. చదివేది ఎవరో తేల్చుకోకుండా ఫాంట్ల కోసం వెతుకుతూ కూర్చుంటే రాత్రిళ్లు కరిగిపోతాయి. రాత్రి రెండింటికి నీ పేరు కింద 'ఆన్‌లైన్' అని కనపడటం నేను చూస్తూనే ఉన్నాను. అంతసేపు మెలకువగా ఉండి అమ్మకి ఒక్క మాట రాయలేవా అని అడగను. కళ్లు పాడవుతాయి, అదే నా బాధ.

కవర్ మీద ఎన్ని శీర్షికలు పెట్టారు? నన్నడిగితే ఐదు చాలు. ఒకటి పెద్దది, మిగతావి దాని కింద అణిగి ఉండాలి. అన్నీ అరిస్తే ఏదీ వినపడదు. లోపల విషయసూచిక పేజీని చివరి రాత్రి కోసం అట్టేపెట్టకండి. పిల్లల ప్రాజెక్టుల్లో బద్ధకం బయటపడేది అక్కడే. కవర్ మీద రాసిన కథనం సూచికలో లేకపోవడం, పేజీ నంబరు తప్పడం, ఇవి చూసేవాళ్లు ముందు పట్టుకుంటారు.

ఇక ఫోటో. బుజ్జి అన్నది ఈ ఫోటో గురించే. నువ్వు కవర్ మీద పెట్టిన గాయని ఫోటో ఇంటర్నెట్‌లోంచి దించుకున్నదని మీ మేడమ్ పట్టుకున్నారట. ఆ రోజు నుంచి నువ్వు ల్యాబ్‌కి వెళ్లడం మానేశావట. మిగతా ముగ్గురూ నీకోసం చూస్తున్నారట. నేను నమ్మలేదు. బుజ్జి చెప్పే వాటిలో సగం తీసేయాలని నీకూ తెలుసుగా. కానీ మిగిలిన సగం గురించి రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

ఒకవేళ నిజమే అనుకుందాం. అలా దించిన ఫోటో అచ్చుకి ఎలాగూ నిలవదు. ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు. సోషల్ మీడియాలో దొరికే ఫోటోకి వెడల్పు సాధారణంగా 1080 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 9 సెంటీమీటర్లకి సరిపోతుంది. దాన్ని పేజీ నిండా సాగదీస్తే కనురెప్పలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పేజీ మొత్తానికి 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు కావాలి. రంగు అంచు దాకా పోవాలంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, కత్తెరకి పోయేది అదే.

అమెరికా సంగీత పత్రిక 'రోలింగ్ స్టోన్' మొదటి సంచిక మీద కూడా సొంత ఫోటో లేదు కదా అంటావేమో. నిజమే. 1967 నవంబర్ 9న న్యూస్‌ప్రింట్ మీద వచ్చిన ఆ సంచిక ముఖచిత్రం బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ నటించిన ఒక సినిమా స్టిల్. కానీ అది ప్రచారం కోసం ఇచ్చిన స్టిల్. ఒకరు తీసుకున్న ఫోటోని వాళ్ల ఖాతాలోంచి అడగకుండా దించుకోవడం వేరు. పైగా ప్రాజెక్టు పెట్టిందే ఫోటో నువ్వు తియ్యాలని. కిటికీ పక్కన స్టూలు వేసి, గిటార్ వాయించే మీ సీనియర్‌ని కూర్చోబెట్టి తీసినా ఆ ఫోటో నీదవుతుంది. చూశావా, వద్దనుకుంటూనే పాఠంలోకి దిగిపోయాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. 1998లో మా పత్రిక సంగీతం మీద ప్రత్యేక సంచిక వేసింది. కవర్ పేజీ నాకిచ్చారు. ఒక పెద్ద వయొలిన్ విద్వాంసుడి ఫోటో, నడుము దాకా, కమాను తీగ మీద ఆనించి కళ్లు మూసుకుని ఉన్నారు. ఎంత బాగుందో! కానీ ఆయన ముఖం ఎడమవైపు, పత్రిక వెన్ను వైపు తిరిగి ఉంది. ముఖం పేజీ తెరుచుకునే వైపు చూడాలని మాకో లెక్క ఉండేది. అప్పటికి కంప్యూటర్‌లో పేజీలు పెట్టే పేజ్‌మేకర్ వచ్చేసింది. ఒక్క నొక్కుతో బొమ్మని అద్దంలోలా తిప్పేశాను. శీర్షికలు చక్కగా సర్దుకున్నాయి. ఎడిటర్ గారు కూడా బాగుందన్నారు. అందరం చూశాం, ఎవరికీ ఏమీ తట్టలేదు.

సంచిక బయటికి వచ్చిన రోజు మధ్యాహ్నానికే ఫోన్లు మొదలయ్యాయి. ఆయన కమాను ఎడమచేతికి వచ్చింది. చేతి గడియారం రెండో మణికట్టుకి మారింది. సంగీతం తెలిసిన ప్రతి ఒక్కరూ పట్టేశారు. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి పేజీ పెట్టినవాళ్లతో మాట్లాడాలన్నారు. సీట్లో లేనని చెప్పించాను. రెండో రోజూ అంతే. మూడో రోజు అసలు ఆఫీసుకే వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని మీ తాతయ్యకి చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఉద్యోగం మానేస్తున్నానని కాగితం కూడా రాసి పుస్తకంలో పెట్టుకున్నాను.

నాలుగో రోజు వెళ్లేసరికి ఆయన నా బల్ల ఎదురుగా కూర్చుని ఉన్నారు. పత్రిక ఒళ్లో ఉంది. నేనే పెట్టానండీ అన్నాను. ఆయన కేకలెయ్యలేదు. ఎడమచెయ్యి చాచి బల్ల మీద వెల్లకిలా పెట్టారు. నాలుగు వేళ్ల కొసల మీద తీగలు కోసిన గాడులు, నల్లగా, గట్టిపడి ఉన్నాయి. "ఇవి నలభై ఏళ్లవమ్మా. వీటిని తీసి కుడిచేతికి పెట్టేశావు" అన్నారు. తర్వాత, "మూడు రోజులు ఫోన్ చేశాను. మొదటి రోజే ఎత్తుంటే ఈ మెట్లెక్కే పని తప్పేది నాకు" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పటికప్పుడు ఆయన పక్కనే కూర్చుని, వచ్చే వారం సంచికకి ఫోటో సరిగ్గా పెట్టి, కింద నాలుగు లైన్ల సవరణ కంపోజ్ చేశాను. ఒక అక్షరదోషం ఉంటే ఆయనే చూపించారు. ఆ రాజీనామా కాగితం చాలా రోజులు ఆ పుస్తకంలోనే ఉండిపోయింది.

చిన్నారీ, బుజ్జి మాటలో ఆ సగం నిజమైతే, రేపు ల్యాబ్‌కి వెళ్లు. మేడమ్‌కి నువ్వే చెప్పు, ఫోటో మార్చి పెడతానని. పిల్లలకి కూడా నువ్వే చెప్పు, ఇంకొకరి చేత చెప్పించకు. చిన్నాన్న విషయంలో మనింట్లో ఏం జరిగిందో నీకు తెలుసు. ఆయన కూడా మొదట ఫోన్లు ఎత్తడమే మానేశారు. ఇక దాని గురించి రాయను.

పేజీల లెక్క చూసుకున్నారా? మధ్యలో పిన్ను కొట్టే పత్రికైతే పేజీలు నాలుగేసి చొప్పున పెరగాలి. 12 కానీ 16 కానీ ఉండాలి, 14 కుదరదు. ఇంటర్వ్యూ రెండు పేజీల మీద పరిచేట్టయితే నడిమధ్య పేజీల్లో పెట్టండి. అక్కడ మాత్రమే రెండూ ఒకే కాగితం. మిగతాచోట్ల రెండు వేర్వేరు కాగితాలు కలుస్తాయి, బొమ్మ అటూ ఇటూ జరుగుతుంది. ఎక్కడ పెట్టినా ముఖం మాత్రం మడతలో పడనివ్వకు.

పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరం విడిపోతుంటే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ అనే ఆప్షన్ పెట్టు, వత్తులు వాటి చోటికి వస్తాయి. లైన్ల మధ్య జాగా ఇంగ్లిష్‌కి ఇచ్చినంత ఇస్తే చాలదు. పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. నేను 10 పాయింట్ల అక్షరానికి 15 దాకా ఇచ్చేదాన్ని. స్క్రీన్ మీద మెరిసే ఊదా రంగు అచ్చులో చప్పబడుతుంది, ముందే ఒక ప్రింటు తీసి చూసుకో. నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు వద్దు. చిన్న సైజులో పూడుకుపోతాయి, నాలాంటి కళ్లకి అసలే కనపడవు.

కవర్ పేజీ ఎలా ఉంటే అలా నాకు పంపు. ఫోటో ఖాళీగా ఉన్నా సరే, పెన్సిల్‌తో గీసిందైనా సరే. నేను తప్పులు వెతకను. వెతికినా ముందు బాగున్నవి చెప్పి తర్వాత చెబుతాను. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఫోన్ చెయ్యి. నాన్న ఫోన్ నా దిండు కింద ఉంటోంది ఈమధ్య.

స్కేలు పార్సిల్‌లో పంపుతున్నాను. అట్టముక్కలో చుట్టి ఉంటుంది, కవరు చింపేటప్పుడు జాగ్రత్త, ఒక మూల కాస్త పదునుగా ఉంది.

అమ్మ