సరిహద్దు దాటితే అందని మనోవర్తి

గౌరవనీయులైన సంపాదకులకు,

పిల్లల పోషణకు కోర్టులు మంజూరు చేసే మనోవర్తి, తండ్రి పొరుగు రాష్ట్రానికి వెళ్లిపోగానే కాగితానికే పరిమితమవుతున్న తీరును మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. కర్నూలు జిల్లాకు ఇది మరీ దగ్గరి సమస్య. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతాల నుంచి బెంగళూరుకు పనులకు వెళ్లేవారు ఎప్పటినుంచో ఉన్నారు. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాదు కూడా మనకు పొరుగు రాష్ట్రమే అయింది. తుంగభద్ర వంతెన దాటి అలంపూర్ చౌరస్తాకు చేరితే చాలు, మన కోర్టు వారెంటు వేరే రాష్ట్ర పోలీసుల చేతికి వెళ్లాల్సిందే.

చట్టం ఈ పరిస్థితిని ఊహించకుండా ఏమీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీలో 125) కింద వచ్చిన మనోవర్తి ఉత్తర్వును, చెల్లించాల్సిన వ్యక్తి ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు అమలు చేయవచ్చని అదే సంహిత 147వ సెక్షన్ చెబుతోంది. గృహహింస చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు సైతం దేశమంతటా చెల్లుతుంది. అయితే ఆ ఉత్తర్వును అక్కడిదాకా మోసుకుపోయి, బకాయి లెక్క వేయించి, వాయిదాలకు హాజరయ్యే భారమంతా తల్లి మీదే పడుతోంది.

నాకు తెలిసిన ఒకామె ఆదోని దగ్గర బట్టలు కుట్టుకుంటూ కూతురిని చదివిస్తోంది. బెంగళూరులో పనిచేస్తున్న భర్త పేరిట వెళ్లిన వారెంటు ‘సదరు వ్యక్తి చిరునామాలో లేడు’ అన్న రాతతో తిరిగి వచ్చింది. అదే చిరునామా నుంచి పాప పుట్టినరోజుకు గౌను మాత్రం పార్సిల్లో వచ్చింది! తర్వాత ఆ గౌను ఖరీదును కూడా మనోవర్తి లెక్కలో జమకట్టాలని అతని తరఫున వాదించారు. చేతికి ఇచ్చానని ఒకరు, ముట్టలేదని మరొకరు అనే ఇలాంటి తగవులకు తావు లేకుండా సొమ్మును బ్యాంకు ఖాతా ద్వారానే చెల్లించాలని ప్రతి ఉత్తర్వులోనూ రాయించడం కష్టమేమీ కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు గడువుతో వస్తోంది. ఒక్కో నెల సొమ్ము బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోకపోతే, దాని వసూలుకు సంహిత 144వ సెక్షన్ కింద వారెంటు రాదు. ఇదిగో పంపుతాను, అదిగో పంపుతాను అన్న ఫోను మాటలు నమ్మి ఊరుకున్న తల్లులు ఆ మేరకు నష్టపోతున్నారు.

మనిషి కోసం వెతకడం కంటే అతని ఆదాయాన్నో ఆస్తినో పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. గృహహింస చట్టం 20వ సెక్షన్ ప్రకారం, జీతంలో కొంత భాగాన్ని నేరుగా భార్యకు చెల్లించాలని లేదా కోర్టులో జమచేయాలని యజమానిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. రోజుకూలీ మీద, నగదు మీద బతికేవారి విషయంలో ఇది పనిచేయదు, నిజమే. కానీ వారిలో చాలామందికి సొంత ఊళ్లో ఎకరమో రెండెకరాలో పొలం ఉంటుంది. మనోవర్తి బకాయిని జరిమానా మాదిరిగా వసూలు చేయవచ్చు గనుక, భూమిశిస్తు బకాయి కింద రాబట్టమని కలెక్టరుకు వారెంటు పంపే వీలుంది. భూమి కర్నూలు జిల్లాలోనే ఉన్నప్పుడు బెంగళూరు వీధుల్లో వెతుకులాట ఎందుకు?

అమెరికాలో ఈ రాష్ట్రాల మధ్య చిక్కును తీర్చడానికి 1992లో ఒక ఉమ్మడి చట్టం నమూనాను రూపొందించారు. 1998 నాటికి రాష్ట్రాలన్నీ దాన్ని ఆమోదించాలని 1996లో అక్కడి కేంద్ర ప్రభుత్వం షరతు పెట్టింది. ఒక బిడ్డ విషయంలో ఒక సమయంలో ఒకే ఉత్తర్వు అమల్లో ఉండాలన్నది, జీతంలో కోత ఆదేశాన్ని మరో రాష్ట్రంలోని యజమానికి నేరుగా పంపవచ్చన్నది అందులోని ముఖ్యాంశాలు. మొదటిది తండ్రులకూ న్యాయమే. రెండు మూడు చట్టాల కింద వేర్వేరు కేసులు నడిచినప్పుడు ముందు ఉత్తర్వును వెల్లడించాలని, ఆ మొత్తాన్ని సర్దుబాటు చేయాలని, ఇద్దరూ ఆస్తిపాస్తుల వివరాలతో అఫిడవిట్ వేయాలని మన సుప్రీంకోర్టు 2020 నవంబరులోనే నిర్దేశించింది. దాన్ని శ్రద్ధగా పాటిస్తే సగం వాదన తగ్గుతుంది.

వారెంటును ఏ కానిస్టేబులు పట్టుకెళ్లాడు, అవతలి స్టేషనులో ఎవరికి అందజేశాడు అన్నది తల్లికి తెలిసే ఏర్పాటు నేడు కనిపించడం లేదు. సమన్లు, వారెంట్లు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే అవకాశం కొత్త సంహితలో ఉన్నందున, పొరుగు రాష్ట్రాల్లో అమలు కావాల్సిన మనోవర్తి కేసులను వెంబడించే బాధ్యతను జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక అధికారికి అప్పగించాలని, ఆ అధికారి అవతలి జిల్లా సంస్థతో నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలని కోరుతున్నాను. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది. అలాగే ఉచితంగా ఇచ్చే ఉత్తర్వు ప్రతి మీదనే ఏడాది గడువు సంగతిని, న్యాయ సహాయం కోసం ఫోను చేయాల్సిన 15100 నంబరును తెలుగులో ముద్రించి ఇవ్వాలని జిల్లా న్యాయాధికారులను అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కర్నూలు.