గోడ మీద పిల్లులకో దారి

శీనూ,

మొన్న ఫోన్లో నువ్వు మీ పిల్లుల గొడవ చెప్తుంటే నాకు మా ఇల్లే కళ్ళముందు కనిపించిందిరా. పెద్దది మంచం కింద దూరి బయటికి రాకపోవడం, చిన్నది గుమ్మంలో అడ్డంగా పడుకుని దాన్ని కదలనివ్వకపోవడం, అంతా మా దొర, చిట్టి కథే. గోడకి అరలు కొడితే కుదురుకుంటాయా అని అడిగావు. మా ఇంట్లో కుదురుకున్నాయి. కానీ రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తే నువ్వు ఆదివారమే డ్రిల్లు అందుకుంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చివరిదాకా చదివి అప్పుడు గోడ మీద చెయ్యి వెయ్యి.

పిల్లి వేటాడే జంతువే, కానీ తనకంటే పెద్దవాటికి దొరికిపోయే జంతువు కూడా. అందుకే ఎత్తున కూర్చుని, వీపు గోడకి ఆనించి, గదంతా కనపడుతుంటే దాని ప్రాణానికి హాయి. మనం బయటికి వదలని పిల్లులకి ఉన్నదల్లా నాలుగు గోడల మధ్య నేల. దాన్నే ఇంకో పిల్లితో పంచుకోవాలి, మన కాళ్ళ మధ్య తిరగాలి. గోడని కూడా వాడుకోనిస్తే వాటి ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోతుంది.

అయితే అరలు కొట్టడం వేరు, దారి వేయడం వేరు. నాకు ఇది ఆలస్యంగా అర్థమైంది. మొదట్లో మూలకి, పైన ఒక పెద్ద అర పెట్టి, దానికి మూడు మెట్లు కట్టాను. చూడ్డానికి బాగుండేది. దొర ఎక్కి పడుకోగానే చిట్టి కింది మెట్టు మీద కాపు కాసేది. ఎక్కిన దారే దిగే దారి, ఆ దారిలో అది. పాపం దొర పైన చెవులు వెనక్కి వాల్చి, ఒళ్ళు ముడుచుకుని గంటలు గంటలు కూర్చునేది. అరలు లేనప్పటికంటే గొడవ ఎక్కువైంది. తర్వాత అవతలి వైపు ఇంకో మూడు మెట్లు బీరువా మీదకి దిగేలా కలిపాను. అంతే, ఆ వారంలోనే చిట్టి కాపు కాయడం మానేసింది. కాబట్టి నువ్వు పెట్టే ప్రతి పై అరకీ ఎక్కడానికి ఒకవైపు, దిగడానికి ఇంకోవైపు ఉండాలి. మధ్యలో ఎక్కడో ఒకచోట రెండూ ఎదురుపడినా ఒకదాన్నొకటి దాటుకుని పోయేంత వెడల్పు ఉంటే ఇంకా మంచిది.

కొలతలు చెప్తాను, రాసుకో. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు 30 నుంచి 40 సెంటీమీటర్లు. మీ పెద్దదానికి పన్నెండేళ్ళు కదా, దానికి 20, 25 చాలు. ముసలి పిల్లులకి ఎక్కడం కంటే దిగడమే కష్టంరా. పిల్లి గోళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, పైకి పాకేటప్పుడు పట్టు దొరుకుతుంది, తలకిందులుగా దిగేటప్పుడు దొరకదు. పైగా దూకితే బరువంతా ముందుకాళ్ళ కీళ్ళ మీదే పడుతుంది. అర లోతు 25 నుంచి 30 సెంటీమీటర్లు, పడుకునే అర అయితే పొడవు కనీసం 50. పైకప్పుకీ ఆఖరి అరకీ మధ్య అది నిలబడి ఒళ్ళు విరుచుకునేంత జాగా, అంటే 40 అయినా వదులు. ఫ్యాను ఉన్న వైపు మాత్రం వద్దే వద్దు. ఏ అర మీంచి గెంతినా రెక్కలు అందే దూరంలో ఉండకూడదు. పొయ్యి పైన కూడా వద్దు.

డ్రిల్లు పెట్టే ముందు పాత పేపర్లు అరల సైజుకి కత్తిరించి గోడకి టేపుతో అంటించు. రెండు రోజులు అలాగే ఉంచి చూడు. తలుపు తెరిస్తే తగులుతుందా, నీ తలకి తగులుతుందా, అన్నీ అప్పుడే తెలుస్తాయి. స్విచ్ బోర్డుకి నిలువుగా పైనా కిందా వైర్లు ఉంటాయి, ఆ గీతలో బెజ్జం పెట్టకు. బాత్రూం గోడ వెనక పైపులుంటాయి, దాన్నీ వదిలెయ్.

ఇక అసలు సంగతి. నా మొదటి అర ఊగింది. దొర దూకి వాలగానే వేలెడంత కిందికి వంగింది, అది ఒక్క గెంతులో నేల మీదుంది. విరగలేదు, పడలేదు, దెబ్బ తగల్లేదు. కానీ మూడు వారాలు దాని మీదకి పోలేదు. రోజూ కింది మెట్టు దాకా వచ్చి, ఒక ముందుకాలు ఎత్తి అర అంచున ఆనించి, మెల్లగా నొక్కి చూసేది. పాదం అలాగే ఉంచి ఒక్క క్షణం ఆగేది. తర్వాత వెనక్కి తీసుకుని దిగిపోయేది. అది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమనేది.

విప్పి చూస్తే తప్పు బెజ్జంలో ఉంది. గోడ మీద 15, 20 మిల్లీమీటర్ల మందాన సిమెంటు పూత ఉంటుంది. స్క్రూకి పట్టు దొరకడానికి బెజ్జంలో దించే ప్లాస్టిక్ ప్లగ్గు ఉంటుంది కదా, నాది 40 మిల్లీమీటర్ల పొడుగుది, సగం ఆ పూతలోనే ఉండిపోయింది. పూతకి పట్టు ఉండదు, పెచ్చు లేస్తుంది. డ్రిల్లు చేసేటప్పుడు రాలే పొడి చూస్తుండు. ముందు బూడిద రంగులో వస్తుంది, ఇటుక తగలగానే ఎర్రగా మారుతుంది. అక్కడినుంచి ప్లగ్గు పొడుగంతా ఇటుకలో దిగాలి. ప్లగ్గు మందం 8 అయితే డ్రిల్లు బిట్టూ 8 మిల్లీమీటర్లే. బెజ్జంలో పొడి ఊది, బ్రష్‌తో లాగి శుభ్రం చేశాకే ప్లగ్గు దించు, లేకపోతే తిరుగుతూనే ఉంటుంది. మీ హాల్లో ఆ పార్టిషన్ బోర్డుదైతే ఈ ప్లగ్గులు పనికిరావు, వెనక ఫ్రేము ఎక్కడుందో వెతికి దానికే స్క్రూ బిగించాలి.

అరని మోసే L ఆకారపు బ్రాకెట్ల విషయంలో కూడా కక్కుర్తి పడకు. పిల్లి అర బయటి అంచున వాలితే బ్రాకెట్ కింది కొస గోడని నొక్కుతుంది, పై స్క్రూని మాత్రం గోడలోంచి బయటికి పీకుతుంది. బ్రాకెట్‌లో గోడకి ఆనే కాలు ఎంత పొడుగుంటే ఆ పీకుడు అంత తగ్గుతుంది. అర కింద ఉండే కాలు కనీసం ముప్పాతిక లోతు దాకా రావాలి. అయిదు కిలోల పిల్లే అయినా దూకి వాలే క్షణంలో పడే బరువు అంతకి ఎన్నో రెట్లు. అందుకే బిగించాక 20 లీటర్ల నీళ్ళ క్యాను నింపి అర బయటి అంచుకి వేలాడదీసి రాత్రంతా వదిలేస్తాను. అంటే 20 కిలోలు. పొద్దున్నే అర సమంగా ఉందా లేదా అని రసమట్టం పెట్టి చూస్తాను. బుడగ మధ్యలో ఉంటేనే పిల్లిని ఎక్కనిస్తాను.

చెక్క 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకో, అంచులన్నీ గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దు. పైన జారకుండా కార్పెట్ ముక్క వెయ్యి, కానీ పిన్నులు కొట్టకు. గోళ్ళతో పీకేస్తాయి, ఆ పిన్నులు పాదాల్లో దిగుతాయి. వెల్క్రో అంటిస్తే తీసి ఉతుక్కోవచ్చు. వార్నిష్ వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా పిల్లుల్ని ఆ గదిలోకి రానివ్వకు, పాదాలు నాక్కుంటాయి కదా. పురుగు పట్టదని ఎవరైనా టీ ట్రీ నూనె పూయమంటే అస్సలు వినకు, అది పిల్లులకి విషం.

అంతా అయ్యాక ఎత్తుకెళ్ళి పైన కూర్చోబెట్టకురా, దయచేసి. భయపడితే మళ్ళీ రావు. కింది మెట్టు మీద దానికిష్టమైన తిండి చిన్న ముక్క పెట్టు, మర్నాడు పై మెట్టు మీద పెట్టు. చిన్నదానికి తాడు బొమ్మ ఆడిస్తే అదే ఎక్కేస్తుంది. పెద్దదాన్ని దాని మానాన వదిలెయ్. మా దొర కొత్త ప్లగ్గులు వేశాక కూడా ఆరు రోజులు పాదంతో నొక్కి నొక్కి చూసింది. ఏడో రోజు నేను టీ తాగుతుంటే చప్పుడు లేకుండా ఎక్కి, రెండుసార్లు చుట్టూ తిరిగి పడుకుంది.

ముందు మీ గోడ ఫోటో ఒకటి పంపు, స్విచ్ బోర్డులు, కిటికీ కనపడేలా. పొడుగూ ఎత్తూ కొలిచి రాయి. వచ్చే ఆదివారం నా డ్రిల్లూ రసమట్టం పట్టుకొస్తాను. నేను వచ్చేలోపు బెజ్జాలు మాత్రం పెట్టకు.

నీ
రాజు